ఎరుక మనది, పేరెవరిది?

(కర్నూలులో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, నిధుల గురించి, ఉద్యోగాల గురించి ఇట్లాంటి సభల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడదామని వచ్చినాం. ఆ మాట 'ఎరుక'. మాటలకూ రాష్ట్రానికీ ఏం సంబంధమని కొందరు అడగొచ్చు. సంబంధం ఉంది కాబట్టే మీ ముందు నిలబడినాం.

మన పల్లెల్లో అవ్వాతాతలు 'నాకు ఎరికే', 'వానికేం ఎరుక' అంటారు. అదే మాట మన పిల్లవాడు ఇంటర్వ్యూలో నోరుజారి అంటే ఎదుటివాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు తిని ఇంటికొచ్చిన పిల్లలను మేము చూసినాం. రెండోసారి వాళ్లు ఆ మాట అనరు. 'ఐడియా లేదు సార్' అంటారు. ఒక మాట చచ్చిపోవడమంటే ఇదే.

ఎరుక మోటుమాట కాదు. 'ఎరుగు' అనే క్రియ నుంచి పుట్టిన అచ్చతెలుగు మాట. పాతకాలంలో బండి 'ఱ'తో 'ఎఱుక' అని రాసేవారు. తమిళులు, కన్నడిగులు 'అరివు' అనేది దీని తోబుట్టువునే. వేమన పద్యాల్లో ఈ మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. తర్వాత పుస్తకాల్లో జ్ఞానం, విజ్ఞానం, పరిజ్ఞానం వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు వాటిని కూడా 'నాలెడ్జ్' పక్కకు నెట్టింది. ఎరుక మాత్రం సోది చెప్పే ఎరుకలసాని బుట్టలోనూ, నాటకాల్లోనూ మిగిలింది.

స్కాట్లాండు చెప్పే పాఠం

ఇట్లాంటి కథే స్కాట్లాండులో ఉంది. అక్కడి స్కాట్స్ భాషలో 'కెన్' అంటే ఎరుగు, ఎరుక. ఇంగ్లీషు 'నో', స్కాట్స్ 'కెన్', సంస్కృతంలోని 'జ్ఞా' ధాతువు, మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే జ్ఞానానికి, కెన్‌కు చుట్టరికం ఉంది. మన ఎరుక ఆ వంశం కాదు, ద్రావిడ వంశం. వంశం ఏదైనా కెన్‌కు, ఎరుకకు పట్టిన గతి ఒకటే. 1707లో స్కాట్లాండు పార్లమెంటు లండన్ పార్లమెంటులో కలిసిపోయింది. పాలన భాష ఇంగ్లీషయింది. బడిలో స్కాట్స్ మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. బతుకుతెరువు భాష ఒకటి, ఇంటి భాష మరొకటి అయినాయి.

అయినా ఆ జనం మాటను విడవలేదు. 1999లో తమ పార్లమెంటును తిరిగి తెచ్చుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడటం వచ్చునని రాయించినారు. 2014లో వేరే దేశం కావాలా అని ఓటు పెడితే 55 శాతం వద్దన్నారు, 45 శాతం కావాలన్నారు. ఓటు ఓడినా భాష పని ఆగలేదు. 2025లో వాళ్ల పార్లమెంటే చట్టం చేసి గేలిక్‌కు, స్కాట్స్‌కు అధికార హోదా ఇచ్చింది. మనం దేశం అడగడం లేదు. రాజ్యాంగం మూడో అధికరణం కింద రాష్ట్రం అడుగుతున్నాం. అయినా తన చట్టసభ ఉన్న జనం తన మాటకు ఏం చేసుకోగలదో అక్కడ చూసి నేర్చుకోవచ్చు.

మన ఎరుకను ఎవరు రాసుకున్నారు?

విచిత్రమేమంటే మన ఎరుకను కాగితం మీద పెట్టించినవాళ్లలోనూ స్కాట్లాండువాళ్లున్నారు. 1800లో నిజాం మనలను కంపెనీకి ధారాదత్తం చేసినాడు. మన పేరు కూడా 'దత్తమండలాలు' అయింది. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరు. 1827లో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయినాడు. లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించినారు. కరణాలు, ఊరి పెద్దలు చెప్పిన చెరువులు, గుళ్లు, పాళెగాళ్ల కథలవి. ఇంగ్లీషువాడు సి.పి.బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు వెదికించినాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసినాడు. వాళ్ల శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ చెప్పిన నోళ్లు మనవి. పేర్లు మాత్రం మెకంజీ కైఫీయత్తులు, బ్రౌన్ నిఘంటువు.

ఇంకా వెనక్కు పోదాం. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పింది. జలవిద్య తెలిసినవాడు, గట్టి నేల, రాతి గని, పనితనం తెలిసిన మనుషులు ఉండాలంది. కట్ట కారడం, చవిటినేల, నడుమ మెరక దోషాలంది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా దోషమే అంది! తుంగభద్ర నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కె.సి.కాలువ రైతుకు ఆ దోషమేమిటో ఎవరూ వివరించనక్కర లేదు. శాసనం భాష సంస్కృతం. కట్ట వేసిన చేతుల ఎరుక మాత్రం ఈ మట్టిది.

ఆ ఎరుక ఇంకా ఉంది. పదును చూసి గొర్రు తోలే రైతుకుంది. ఏ కార్తెలో ఏ విత్తనమో, కొర్రలో కంది సాలు ఎందుకు వేయాలో చెప్పే అవ్వకుంది. వ్యవసాయ పదాలను ఏరి 1962లో మాండలిక వృత్తి పదకోశం తెచ్చినారు. ఆ తరం రైతులు పోతున్నారు. ట్రాక్టరు వచ్చిన ఊరిలో గొర్రుతో పాటు దాని భాగాల పేర్లూ అటక ఎక్కినాయి.

అడగాల్సింది, చేయాల్సింది

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లతో పాటు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కూడా రాసుకున్నారని మరవొద్దు. అక్కడ పీజీ సెంటరు 1968లో వచ్చింది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. చదువు విషయంలోనూ మాట ఆలస్యంగానే నిలబెట్టుకున్నారు. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని మూడేళ్లకే 1956లో హైదరాబాదుకు పోయింది.

కాబట్టి మా కోరికలు రెండు. మొదటిది ప్రభుత్వానికి. కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాలు వృత్తులవారీగా సీమ పదకోశం తయారుచేయాలి, దానికి నిధులివ్వాలి, మన మాటలు బడి పుస్తకాల్లోకి రావాలి. రెండోది మీకు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోండి. అవ్వ చెప్పిన మాట, చెప్పినవాళ్ల పేరు, ఊరు, తేదీ రాయండి. ఈసారి చెప్పినవాళ్ల పేరు తప్పకుండా ఉండాలి. ఉద్యోగులు తమ ఆఫీసుకు వచ్చిన రైతు 'నాకు ఎరికలేదు సామీ' అంటే నవ్వకుండా వినండి. దీనికి ఏ జీవో అవసరం లేదు.

1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు 'దత్తమండలం' అనే అవమానాన్ని తీసేసి 'రాయలసీమ' అన్నారు. అప్పుడు మనకు మిగిలింది ఒక పేరే. ఆ పేరు చుట్టూనే తొంభై ఏళ్లకు పైగా జనం కూడుతున్నారు. మాటకు అంత బలం ఉంది. మన ఎరుకను మనమే రాసుకుందాం. మన రాష్ట్రాన్ని మనమే అడిగి తెచ్చుకుందాం.

జై రాయలసీమ!