వాకిట్లో పుట్టే మాట



రాసుకోకుండా స్టేజీ మీద అప్పటికప్పుడు మాట అల్లడాన్ని ఇప్పుడు ఇంప్రోవ్ అంటున్నారు. పేరు కొత్తదే గానీ పని మనకు పాతదే. దీపావళి రోజుల్లో మన దండారి జట్టు పక్క ఊరికి పోతుంది. నెమలి ఈకల టోపీతో గుసాడీ, ఆడవేషంలో పోరిక్ అక్కడి వాకిట్లో చేసే అల్లరికి కాగితం ఉండదు. ఎదుటివాళ్లు ఒక మాట విసిరితే జవాబు అక్కడే పుట్టాలి. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు టీవీల్లో గుసాడీ అడుగులు చూపించారు. ఆ నవ్వులు మనకే తెలుసు.

ఒక్క సంగతి. గుసాడీ అంటే దీక్ష. ఆ వేషాన్ని స్కిట్‌లోకి తేవద్దు, ఒడుపు మాత్రమే తీసుకుందాం.

ఆ ఒడుపు ఏమిటంటే, జోడీ ఇచ్చిన మాటను కాదనకపోవడం. "ఈ మేక నీదేనా?" అంటే "మేక ఎక్కడుంది?" అన్నామా, ఆట చచ్చినట్టే. "నాదే, కానీ సర్పంచ్ మాటే వింటది" అంటే మేకకు ప్రాణం వచ్చింది, సర్పంచ్‌కు పని పడింది.

ఇక రాయడం. రేషన్ దుకాణం తీసుకుందాం. తాతకు కావలసింది బియ్యం. అడ్డం పడేది వేలిముద్ర మిషన్. పత్తి ఏరి ఏరి వేలి గీతలు అరిగిపోయాయి. మొదట వేలు తుడుస్తాడు. తర్వాత సబ్బుతో కడుగుతాడు. చివరికి డీలర్, "అసలు నువ్వు నువ్వేనా?" అంటాడు. తాత జనం వైపు తిరిగి, "నేను నేనేనా, చెప్పండి!" అంటాడు. ఊరంతా ఔనంటుంది, మిషన్ కాదంటుంది. అడ్డంకి ఒకటే, మెట్టు మెట్టుకూ పెరిగింది.

ఇదే స్కిట్‌ను తాత యాసను వెక్కిరిస్తూ కూడా రాయొచ్చు. నవ్వు ఇంకా తొందరగా వస్తుంది. సినిమాల్లో మన మీద అట్లనే రాశారు, ఆకులు కట్టించి, అర్థంలేని అరుపులు అరిపించి. కాలేజీ ఫంక్షన్‌లో మన పిల్లలే ఆ వేషం కడితే మాకు నవ్వు రాలేదు. మేము తాత వైపు. నవ్వు మిషన్ మీద పడాలి, "నువ్వేనా" అని అడిగినవాడి మీద పడాలి.

ముందు ఆడండి, ఫోన్‌లో రికార్డు చేయండి, నవ్వొచ్చిన మాటలే కాగితం మీద పెట్టండి. అయిదు నిమిషాలు దాటితే కోసేయండి. గోండీలో పుట్టిన మాటను గోండీలోనే ఉంచండి. రానివాళ్లకు డీలర్ ముఖం చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇద్దరిద్దరు లేవండి. ఒకరు తాత, ఒకరు డీలర్. మొదటి మాట డీలర్‌ది: "వేలు తుడుచుకో తాతా."