పాఠం ఎవరిది?



పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి, రాత్రి పలక పట్టుకుంటే కునుకు వస్తుంది. మరి అక్షరం తలకెక్కేది ఎప్పుడు? తన బతుకు అందులో కనిపించినప్పుడు.

నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ఆడవాళ్లు రాత్రి బడికి వచ్చారు. వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. కూలి డబ్బులు సారాకు పోతే ఇల్లు ఏమవుతుందో చెప్పే పాఠం అది. అది తమ ఇంటి సంగతే! అందుకే చదివి ఊరుకోలేదు. దాని గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు ఒక్కటై ఊళ్లో సారా అంగడి మూయించారు. వాళ్ల కథ మరో పాఠమైంది. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు.

చూశారా! అక్కడ చదువు పలక మీదే ఆగిపోలేదు. నలుగురి మాటల్లోకి వచ్చింది. పెద్దవాళ్ల చదువు సాగాల్సింది అలాగే.

కాబట్టి బడిలో ఊరికే వింటూ కూర్చోవద్దు. రేషను కార్డు తెండి. పొదుపు పుస్తకం తెండి. కూలి లెక్క చెప్పండి. "ఇది చదవడం నేర్పండి" అని అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. సిగ్గుపడవద్దు. చదివాక పక్కనున్న అక్కతో దాని గురించి మాట్లాడండి.

అడిగి నేర్చుకున్నది తొందరగా మరిచిపోరు. రేపు రాత్రి బడి నుంచే మొదలుపెట్టండి.