సింకులో పోసింది ఎటు పోతుంది?

(క్యారీలో జరిగిన మన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వంటగదుల్లో పనిచేసేవాళ్లకి ఆదివారం సెలవు దొరకదని నాకు తెలుసు. షిఫ్టు మార్చుకుని వచ్చినవాళ్లకి ముందుగా నా దండం. ఈసారి డ్రైనేజీ గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే కొందరు నవ్వారు. నవ్వొచ్చే విషయమే. కానీ ఇందులో మన ఉద్యోగం ఉంది, మన ప్రాణం కూడా ఉంది. అందుకే ఒప్పుకున్నాను.

ముందు నా సంగతి చెప్తాను. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక హోటల్ కిచెన్‌లో పనిచేశాను. పేరూ ఊరూ అనవసరం. వెనకాల వాడేసిన నూనె డబ్బా నిండిపోయింది. తీసుకెళ్లే బండిని పిలవలేదు. "వేణ్ణీళ్లు వదిలి మాప్ సింకులో పొయ్యి బాబూ, అదే పోతుంది" అన్నారు పెద్దాయన. పోశాను. పోయింది. అట్లా మూడు నెలలు పోశాను. ఒక శుక్రవారం రాత్రి, హోటల్ నిండా జనం ఉండగా, నేల మీది డ్రైన్‌లోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి ట్రాప్ మూత తీయించాడు. "ఎవరు పోశారు?" అని అడిగితే, "కొత్త కుర్రాడు, తెలీక పోశాడు" అని నన్ను చూపించారు. నాకు ఇంగ్లీషు వచ్చు, నోరు మాత్రం రాలేదు. మరుసటి వారం నుంచి నా షిఫ్టులు సగం అయిపోయాయి.

ఆ రోజు నాకు తెలియనివి ఇవాళ మీకు చెప్తాను.

మొదటిది, నూనె ఎటు పోతుంది? వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా జారుతుంది. భూమిలోని గొట్టంలోకి వెళ్లి చల్లబడగానే నెయ్యిలా పేరుకుంటుంది. అందులోకి మెతుకులు, పిండి, వైప్స్ చేరతాయి. నీళ్లలోని కాల్షియంతో కలిసి సబ్బులా గట్టిపడుతుంది. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ కింద ఇలాంటి ముద్ద ఒకటి దొరికింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. గొట్టం మూసుకుపోతే మురుగు వెనక్కి తన్ని మన కిచెన్‌లోకి వస్తుంది. లేదా మ్యాన్‌హోల్‌లోంచి పొంగి వాగులోకి పోతుంది. అట్లా 1000 గ్యాలన్లో అంతకంటే ఎక్కువో వాగులో కలిస్తే పత్రికలకు తెలియజేయాలని నార్త్ కరోలినా చట్టం చెబుతోంది.

రెండోది, గ్రీజు ట్రాప్ ఎందుకు? అది నీళ్ల వేగం తగ్గించే పెట్టె, అంతే. నీళ్లు నిదానిస్తే నూనె పైకి తేలుతుంది, మడ్డి అడుక్కి దిగుతుంది, మధ్య నీళ్లు ముందుకు పోతాయి. తేలిందీ దిగిందీ కలిపి లోతులో నాలుగో వంతుకు చేరితే ఖాళీ చేయించాలని ఇక్కడ సాధారణంగా పెట్టుకునే లెక్క. ఆ హద్దు దాటితే ట్రాప్ ఉన్నా లేనట్టే. వేణ్ణీళ్లు, ఘాటు సబ్బులు పోస్తే పని అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ, కొవ్వు కరిగి ట్రాప్ దాటి అవతల వీధిలో గడ్డకడుతుంది. మన గండం పక్కవాడి గుమ్మంలో పెట్టినట్టు.

మూడోది, ఇక్కడ రెండు రకాల డ్రైన్లు ఉన్నాయి. సింకు, టాయిలెట్ నీళ్లు శుద్ధి కేంద్రానికి పోతాయి. క్యారీలో ఉత్తర, దక్షిణ కేంద్రాలు ఉన్నాయి. ఎపెక్స్, మోరిస్‌విల్‌లతో కలిసి కట్టిన వెస్టర్న్ వేక్ కేంద్రం 2014 నుంచి నడుస్తోంది. పార్కింగ్ లాట్‌లో జల్లెడ మూతతో కనిపించేది మాత్రం వాన నీళ్ల డ్రైన్. దానికి శుద్ధి లేదు. నేరుగా వాగులోకే. కిచెన్ మ్యాట్లు బయట కడిగి, మాప్ బకెట్ అక్కడ దిమ్మరిస్తే ఆ జిడ్డు క్రాబ్‌ట్రీ క్రీక్‌లోకో మరో వాగులోకో చేరుతుంది.

ఇక చట్టం. 1972 నాటి క్లీన్ వాటర్ చట్టం కింద సమాఖ్య ప్రభుత్వం నియమాలు పెట్టింది. వాటిని బట్టి ప్రతి ఊరూ మురుగు వాడకం మీద సొంత ఆర్డినెన్సు చేసుకుంటుంది. మూల సూత్రాలు ఒక్కటే. అంటుకునేవీ పేలేవీ పోయకూడదు. 140 డిగ్రీల ఫారన్‌హీట్ లోపే అంటుకునే ద్రవాలన్నీ అందులోకే వస్తాయి. పీహెచ్ 5 కంటే తక్కువ ఉన్న ఆమ్లాలు పోయకూడదు. గొట్టానికి అడ్డుపడేవి, పనివాళ్లకి హాని చేసే విషవాయువులు పుట్టించేవి పోయకూడదు. ట్యాంకర్‌లో తెచ్చిన మురుగును చూపించిన చోట తప్ప ఎక్కడా దింపకూడదు. వీటికి కారణం లేకపోలేదు. 1981 ఫిబ్రవరిలో కెంటకీలోని లూయివిల్‌లో ఒక సోయా కర్మాగారం నుంచి హెక్సేన్ డ్రైనేజీలోకి చేరి, తెల్లవారుజామున వీధులకు వీధులే పేలిపోయాయి.

మన దగ్గర సంగతి మీకు తెలియంది కాదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి వచ్చేది. ఆ కేంద్రం నుంచి శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. జ్వరానికి మనం మింగే ఆ మందు, నీళ్లలో! అట్లాంటి నీళ్లలో బతకడం నేర్చిన క్రిములకు రేపు ఆ మందు పనిచేయదు. గొట్టంలో ఏం పోస్తున్నారో పుట్టే చోటే చూడకపోతే చివర్లో ఎంత పెద్ద ప్లాంటు ఉన్నా లాభం లేదని ఇంకెట్లా చెప్పాలి?

మూసుకుపోయిన గొట్టంలోకి దిగేది ఎవరు? హైదరాబాదులో, విజయవాడలో మ్యాన్‌హోల్‌లోకి దిగింది ఎవరి బిడ్డలో మనకి తెలుసు. 2013లో చట్టం నిషేధించింది. చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. డబ్బు పెరిగింది, మనిషి మాత్రం తిరిగి రాడు. అందుకే ఇక్కడ కిచెన్ వెనకాల ఉన్న పెద్ద ట్రాప్‌లోకి దిగి గోకమంటే దిగొద్దు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు. గాలి పరీక్ష, శిక్షణ, పైన కాపలా మనిషి లేకుండా అట్లాంటి చోటికి పంపకూడదని ఇక్కడి భద్రతా నియమాలు చెబుతున్నాయి. అది పంపింగ్ కంపెనీ పని, గిన్నెలు కడిగే కుర్రాడి పని కాదు.

మరి ఓనరు పొయ్యమంటే ఏం చేయాలి? నా అనుభవం మీద చెప్తున్నా. వీలైతే మెసేజ్‌లో అడగండి, "డబ్బా నిండింది సార్, ఎక్కడ పోయమంటారు?" అని. జవాబు దాచుకోండి. ట్రాప్ ఎప్పుడు ఖాళీ చేశారో తేదీ రాసుకోండి. జరిమానా జీతంలో కోస్తామంటూ కాగితం ఇస్తే అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు. నార్త్ కరోలినా వేతన చట్టం ప్రకారం అట్లాంటి కోతకి మీ రాతపూర్వక ఒప్పుదల కావాలి. కాలుష్యం గురించి ఫిర్యాదు చేసినందుకు పని పీకేస్తే, షిఫ్టులు కోస్తే, క్లీన్ వాటర్ చట్టం కింద 30 రోజుల్లోపు సమాఖ్య కార్మిక శాఖకు చెప్పుకోవచ్చు. వీసా ఏదైనా ఆ హక్కు ఉంది. గడువు చిన్నది, అందుకే ముందే చెప్తున్నా. చట్టం ఉంది కాబట్టి భయం లేదని నేను అనను. భయం ఉంటుంది. ఒంటరిగా భయపడకుండా ముందు మనవాళ్లతో మాట్లాడండి, వకీలుని అడగండి.

ఓనర్లు కూడా ఇక్కడ ఉన్నారు. అన్నా, మీ మీద కోపంతో చెప్పడం లేదు. బండి పిలవడానికి అయ్యే ఖర్చు కంటే శుక్రవారం రాత్రి హోటల్ మూసుకోవడం ఎక్కువ ఖర్చు.

చివరగా మన ఇళ్లు. దసరాకి గారెలు, సంక్రాంతికి అరిసెలు, జంతికలు. మూకుడులో మిగిలిన నూనెని చల్లార్చి డబ్బాలో పోయండి. కంచాల్ని, గిన్నెల్ని కడిగే ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. సింకులోని డిస్పోజల్ మిషన్ జిడ్డుని ముక్కలు చేస్తుందే గానీ మాయం చేయదు. వాడేసిన వంటనూనె బయోడీజిల్‌కి పనికొస్తుంది. క్యారీ టౌన్ ఇళ్ల నుంచి దాన్ని తీసుకుంటుంది. ఎలా ఇవ్వాలో 311కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఆ రాత్రి ఇన్‌స్పెక్టర్ నన్నే సూటిగా అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. "నేనే పోశాను, పొయ్యమన్నారు కాబట్టి పోశాను" అనాల్సింది. రెండు ముక్కలూ నిజమే. మీకు ఆ అవసరం రాకూడదనే ఇంతసేపు మాట్లాడాను. వస్తే మాత్రం నోరు రావాలి.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. తిన్నాక ప్లేట్లు తుడిచి చెత్తబుట్టలో వేయండి, సింకులో కాదు!