ఆలస్యంగా అందే కబురు



ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. మొదటి తరగతిలో ముగించిన ఒక ఇరవై ఏళ్ల కుర్రాడికి పరిశోధన స్కాలర్‌షిప్ దక్కలేదు. మార్కులకేం తక్కువ లేదు, దరఖాస్తే గడువు దాటాక చేరింది. అది రెండో ప్రపంచ యుద్ధకాలం. సైన్యం సర్వే విభాగంలో లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తా బండెక్కాడు. ఆ ఉద్యోగమూ రాలేదు. దిగిన హోటల్లో పరిచయమైన ఒకాయన తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ కోసం వచ్చానని మాటల మధ్య చెప్పాడు. అలాంటి సంస్థ ఒకటుందని ఆ కుర్రాడికి అప్పుడే తెలిసింది. 1941 జనవరి 1న అందులో చేరాడు. 1945లో అతను రాసిన ఒక్క వ్యాసం సంఖ్యాశాస్త్ర పుస్తకాల్లో క్రేమర్–రావు అసమానతగా, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంగా నిలిచిపోయింది. ఆ కుర్రాడే కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్.రావు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో నూటరెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పుట్టిన హడగలి నాటి బళ్లారి జిల్లాలోది. మన ఆదోని, ఎమ్మిగనూరు కూడా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ జిల్లాలోవే. ఆ లెక్కన ఆయన ఇక్కడివారికి సొంత జిల్లా మనిషే. అయినా ఈ వైపు కాలేజీ గోడల మీద ఆయన బొమ్మ అరుదు.

హోటల్లో తగిలిన మనిషి వల్ల జీవితం మారడం వినడానికి బాగుంటుంది. కానీ ఏటా డిగ్రీ చదివే వందలమందికి అలాంటి మనిషి తగలడు. ఇప్పుడు ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అని పెద్దలు అంటుంటారు. ఉన్నమాట నిజమే, ఏం వెతకాలో ముందే తెలిసినవాడికి.

ఒక ఉదాహరణ. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్పు కింద ఇంటర్‌లో బోర్డు పైవరస ఒక శాతంలో నిలిచి, గణితం లాంటి మౌలిక శాస్త్రాల్లో డిగ్రీలో చేరినవారికి ఏడాదికి 80,000 రూపాయల దాకా వస్తుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. సీనియర్ ఎవరో చెప్పగా రెండో ఏడాదిలో తెలుసుకున్న అమ్మాయికి దానితో పనిలేదు.

ఐఐటీల్లో ఎం.ఎస్సీ.కి దారైన జామ్ పరీక్ష దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి జనం సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు వెళ్లేదీ ఆ నెలల్లోనే. అమ్మానాన్నలు సుగ్గిలో, ఇంట్లో ముసలివాళ్లు, చెల్లెళ్ల బాధ్యత తనమీద. అలాంటి విద్యార్థి ఫిబ్రవరి పరీక్షకు కూర్చోవాలంటే ఆ ఏర్పాటు ఆగస్టులోనే మొదలవ్వాలి. ఇది పాఠ్యప్రణాళిక రాసేవాళ్లకు తట్టే విషయం కాదు. ఇక్కడి అధ్యాపకులకే తెలుస్తుంది.

ఆదోని మద్రాసు–బొంబాయి రైలుదారి మీద ఉంది. ఒక కొసన 1945లో పుట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, ఇంకో కొసన 1989లో మొదలైన చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. దేశంలో గణితానికి పేరుపడ్డ రెండు చోట్ల మధ్య రోజూ తిరిగే బండ్లు ఆదోని మీదుగా పోతుంటే, ఎక్కే గణితం విద్యార్థులు మాత్రం వేళ్ల మీదే. ఎమ్మిగనూరుకు ఆ రైలూ లేదు.

ఎక్కకపోవడానికి కబురందకపోవడం సగం కారణం. మిగతా సగం చదువుకునే తీరు. జామ్‌లో మూడు గంటల్లో 60 ప్రశ్నలు. వాటిలో పది ప్రశ్నలకు సరైన జవాబులు ఒకటికి మించి ఉండొచ్చు. సరైనవన్నీ గుర్తిస్తేనే మార్కు, సగం సరిగా చెప్పినా సున్నా. గైడులోని ‘ఇంపార్టెంట్’ ప్రశ్నలు బట్టీపట్టి నూటికి తొంభై తెచ్చుకున్న విద్యార్థి ఇక్కడ తడబడతాడు. అవకలనం చెయ్యగలిగే ప్రతి ప్రమేయం అవిచ్ఛిన్నమని అతనికి వచ్చు. దాన్ని తిరగేస్తే ఎందుకు చెల్లదో, ఒక్క ఉదాహరణ చూపమంటే కలం ఆగిపోతుంది. తెలుగువాళ్లకు గణితావధానం మీద మోజెక్కువ. గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ గారి లాంటి ప్రతిభ ఎక్కడోగాని పుట్టదు, దానికి చప్పట్లు కొట్టాల్సిందే. అయితే ఆ చప్పట్ల హోరులో, లెక్క వేగంగా చెయ్యడమే గణితమన్న భ్రమ పిల్లల్లో పాతుకుపోయింది.

ఈ భ్రమను వదిలించే పని 1993 నుంచి ఒక వేసవి శిబిరం చేస్తోంది. గణిత ఆచార్యుడు ఎస్.కుమరేశన్ మొదలుపెట్టిన ఎంటీటీఎస్ అది. సుమారు నాలుగు వారాలు, మే–జూన్ నెలల్లో. బస, భోజనం శిబిరమే చూస్తుంది. అక్కడ పాఠం చెప్పే తీరు మొదటి వారం చిరాకు పుట్టిస్తుంది. మాస్టారు జవాబు చెప్పరు, ‘ఎందుకు?’ అని తిరిగి అడుగుతారు. బోర్డు దగ్గరికి విద్యార్థే వెళ్లాలి. డిగ్రీ రెండో ఏడాది పిల్లలకు ఇంతకన్నా మంచి వేసవి దొరకదు. 1983లో ఏర్పడిన జాతీయ ఉన్నత గణిత మండలి ఎం.ఎస్సీ.కీ పీహెచ్‌డీకీ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. డిగ్రీవాళ్లకు మాధవ గణిత పోటీ ఉంది. ఇవన్నీ పేర్లు. పేర్లు చెప్పడం సులువే. ‘ఎందుకు?’ అని అడిగే అలవాటు మాత్రం ఊళ్లోనే మొదలవ్వాలి. అందుకు కావలసిన సరుకు ఇక్కడే ఉంది.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఊరికి పేరు తెచ్చింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పడుగు, పేక తెలిసిన ఆ ఊరి పిల్లలకు సమూహ సిద్ధాంతం చెప్పడానికి శాటిన్ నేతను మించిన ఉదాహరణ లేదు. ఐదు పోగుల శాటిన్‌లో మొదటి వరసలో పేక ఒకటో పడుగు పోగుతో ముడిపడితే, తర్వాతి వరసలో రెండు పోగులు జరిగి మూడో దానితో, ఆపైన ఐదు, రెండు, నాలుగు. మళ్లీ ఒకటికి వస్తుంది. ఏ పోగూ మిగలలేదు. అదే ఆరు పోగుల మీద చేసి చూడండి. రెండేసి జరిపితే ఒకటి, మూడు, ఐదు అయ్యాక మళ్లీ ఒకటే. సరిసంఖ్య పోగులు ముడిపడకుండా వేలాడతాయి. మూడేసి జరిపితే ఒకటి, నాలుగు దగ్గరే తిరుగుతుంది. ఒక్కొక్కటిగా జరిపితే అన్నీ అందుతాయి గాని ఏటవాలు గీత పడి ట్విల్ అవుతుంది. నాలుగు, ఐదు జరిపినా ఇదే కథ తిరగేసి. ఆరు పోగులతో క్రమమైన శాటిన్ కుదరకపోవడానికి కారణం, ఆరుతో ఉమ్మడి కారణాంకం లేని జరుపుళ్లు ఒకటి, ఐదు తప్ప లేకపోవడం. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్ లూకాస్ 1867లోనే దీనిమీద రాశాడు. హనోయ్ స్తంభాల ఆట కనిపెట్టింది ఈయనే.

ఆదోని పత్తి మార్కెట్లో ఇంకో పాఠం ఉంది. 2025–26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. తేమ 8 శాతం దాటితే, ప్రతి ఒక్క శాతానికి ధరలో ఒక శాతం కోత. 11 శాతం ఉంటే రైతుకు 7,866 రూపాయల 70 పైసలు. 12 దగ్గర 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదు. ధర రేఖ మెల్లగా దిగుతూ వచ్చి, అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది. విచ్ఛిన్న ప్రమేయం అంటే ఏమిటో రైతుబిడ్డకు ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు? అసలు ప్రశ్న ఇంకోటి. తేమ మీటరు కుప్పలో ఎక్కడ గుచ్చాలి? ఎన్నిచోట్ల గుచ్చితే ఆ సగటును నమ్మొచ్చు? అది సి.ఆర్.రావు గారి శాస్త్రం అడగాల్సిన ప్రశ్న. దీన్ని ప్రాజెక్టుగా తీసుకునే డిగ్రీ విద్యార్థికి యార్డే ప్రయోగశాల.

2023–24లో రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. ఎంపీసీ అని మూడు సబ్జెక్టులు సమానంగా చదివే కాలం పోయింది. దీనివల్ల లెక్కలు తీసుకునేవాళ్లు తగ్గుతారన్న భయం న్యాయమైనదే. కానీ తీసుకున్నవాళ్లకు గణితానికి దొరికే గంటలు పెరిగాయి. వాటిని కూడా గైడుకే అప్పగిస్తే అది కాలేజీల తప్పు. ఉపాధ్యాయ ఉద్యోగమే గమ్యమనుకునేవాళ్లను చిన్నచూపు చూడక్కర్లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, బడిలో లెక్కల మాస్టారు బాగుంటేనే ఈ సభకు రేపు మనుషులు.

సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల అధ్యాపకులు కలిసి నెలకో శనివారం తెలుగులోనే లెక్కల చర్చ పెట్టాలి. ఒక నెల మగ్గం దగ్గర, ఒక నెల యార్డులో. స్కాలర్‌షిప్పులు, పరీక్షల గడువులు నెలవారీగా రాసిన ఒక కాగితం జూన్‌లో మొదటి ఏడాది పిల్లల చేతికివ్వాలి. దరఖాస్తు నింపడానికి ఒక మాస్టారు, ఒక సీనియర్ పక్కన కూర్చోవాలి. మొదటి చర్చకు ఆరు పోగుల శాటిన్ లెక్కే సిద్ధంగా ఉంది. ఎనిమిది పోగులతో ఎన్ని రకాలుగా కుదురుతుందో విద్యార్థులు బోర్డు మీద తేల్చాలి.