కాలువ మనది, తాళపుచెవి యెవరిది?

(బెజవాడలోని యొక పఠనమందిరమున చేసిన ఉపన్యాసపు పాఠము)

మావంటి న్యాయవాదులను పిలిచి కంప్యూటరు భాషలను గూర్చి మాట్లాడుమనుట కొందరికి వింతగా దోచవచ్చును. కాని ఇచ్చట కూర్చున్న పెద్దలలో కుమారుడో మనుమరాలో ఈ భాషలు నేర్చి యుద్యోగమునకు ఎదురుచూడని గృహము అరుదు. కానూరు మొదలు గుడ్లవల్లేరు వరకు గల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు పైథాను అన్నచో పాము కాదు, అన్నము.

ముందు వస్తువేమో చెప్పుదుము. కొన్ని భాషలలో వ్రాసినదానిని మొదట సాంతముగా యంత్రభాషలోనికి మార్చి పిదప నడుపుదురు. స్క్రిప్టు భాషలందు, స్థూలముగా చెప్పినచో, మనము వ్రాసినదానిని ఎప్పటికప్పుడు యంత్రమునకు తెలియజెప్పు దుబాసి యొకడు నడుమ నిలుచును. 1987లో లారీ వాల్ పెర్లును, 1991లో గైడో వాన్ రోసమ్ పైథానును, 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ పి.హెచ్.పి.ని, ఆ యేడే జపానుదేశీయుడైన మాట్సుమోటో రూబీని లోకమున కిచ్చిరి. ఈ దుబాసీల మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. రుసుము లేదు. ఊరుమ్మడి కాలువ వంటిది.

మరి పూడిక తీయువారెవరు? మన డెల్టాలో కుడిమరామత్తు అను ఆచారముండెడిది. నీరు వాడుకొను రైతులందరును పార పట్టి కాలువ బాగుచేయవలెను. 1858 నాటి మద్రాసు నిర్బంధశ్రమ చట్టము కూడ ఈ యాచారమును గుర్తించెను. స్క్రిప్టు భాషలకు మొదటినుండి స్వచ్ఛందసేవకుల శ్రమయే కుడిమరామత్తు. తరువాత వర్తకులు వచ్చిరి. 1997లో కెనడాలో వెలసిన యాక్టివ్‌స్టేట్ సంస్థ పెర్లును విండోసు యంత్రములలో సులభముగా అమరునట్లు కట్టియిచ్చి, కొమోడో అను వ్రాతపరికరమును అమ్మెను. 1999లో సురాస్కీ, గుట్‌మన్స్ అను ఇజ్రాయేలు యువకులు జెండ్ సంస్థను స్థాపించి, పి.హెచ్.పి.కి గుండెకాయ యగు భాగమును ఉచితముగా నిచ్చి, జెండ్ స్టూడియో అను పరికరమును వెలకిచ్చిరి. ఇందు దాపరికము లేదు. కమ్మరి కొడవలి నమ్మును, పంట రైతుది. మాకిందు దోషము కనబడదు.

అయితే సంస్థలు చేతులు మారును. జెండ్ 2015లో ఒకరికి, 2019లో మరియొకరికి పోయెను. 2021లో పి.హెచ్.పి. భారము నధికముగా మోయుచున్న నికితా పోపోవ్ వేరుపనికి మరలగా, లోకములోని వెబ్‌సైట్ల నెన్నింటినో నడుపు భాష కొద్దిమంది భుజములపై నిలిచియున్నదని అందరికి తెలియవచ్చెను. అప్పుడు జెట్‌బ్రెయిన్స్, ఆటోమాటిక్ మొదలగు సంస్థలు చందాలు వేసి, పనివారి జీతములకై పి.హెచ్.పి. ఫౌండేషను నెలకొల్పినవి. ఒక్కరి దయకంటె పదిమంది చందా మేలని మా యభిప్రాయము.

ఇక మనవారి సంగతి. 2001లో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ లినక్సును రాచపుండుతో పోల్చెను. 2014లో ఆ పీఠమెక్కిన సత్య నాదెళ్ల హైదరాబాదున జన్మించిన తెలుగువాడు. ఆయన హయాములో, 2015లో విజువల్ స్టూడియో కోడ్ అను వ్రాతపరికరము ఉచితముగా వెలువడెను. 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనిరి. 2020లో పైథాను కర్తయే అచ్చట కొలువున చేరెను. పైథాను వేగము పెంచుటకు జీతమిచ్చి యొక బృందమును పెట్టిరి. రాచపుండునకు రాచమర్యాద చేసినవాడు మనవాడేయని ఛాతి విరుచుకొనువారు గలరు. విరుచుకొనుడు, తప్పులేదు. కాని అభిమానము దస్తావేజు చదువుట కడ్డు రారాదు.

మేము చదివితిమి. చివరిపుటనుండి చదువుట మా వృత్తిలోని జాడ్యము. ఆ పరికరపు మూలపాఠము ఎం.ఐ.టి. లైసెన్సు క్రింద నిజముగా స్వేచ్ఛగలదే. మన పిల్లలు దించుకొను తయారుసరుకునకు మాత్రము వేరొక లైసెన్సు గలదు. అనుబంధములు దొరకు అంగడి, దాని నిబంధనల ప్రకారము, మైక్రోసాఫ్టు పరికరములలో వాడుకకే. పైథాను వ్రాయునపుడు సూచనలందించు పైలాన్స్ మూలపాఠము చూపని సరుకు. కాలువ మనదే, తూము తాళపుచెవి వారిది. 2025 మే నెలలో ఆ సంస్థ వేలకొలది యుద్యోగులను తొలగించినపుడు పైథాను వేగపు బృందమువారును అందు జేరిరి. వ్యాపారమునకు వ్యాపారధర్మము, నిందింపము. కాని పైన తూము దించినపుడు ఎండునది శివారు పొలమని డెల్టావారికి చెప్పనేల?

షరతునకు లొంగనివారును గలరు. 2001లో నేర్పడిన పైథాను సాఫ్టువేరు ఫౌండేషను, భద్రతాకార్యమునకై అమెరికా ప్రభుత్వ విజ్ఞాననిధి నుండి రానున్న 15 లక్షల డాలర్లను 2025 అక్టోబరులో వదలుకొనెను. వెనుకబడిన వర్గములవారిని చేర్చుకొను కార్యక్రమములను సంస్థ యంతటను మానవలెననియు, తప్పినచో ఇచ్చిన సొమ్మును సైతము తిరిగి లాగుకొందుమనియు అందలి నిబంధన. చిన్న సంస్థకు అది పెద్ద మొత్తము. మా కక్షిదారులలో ఇంతటి దిటవుగలవారిని మేము తరచుగా చూడలేదు.

విదేశీవస్త్రములవలె ఆ పరికరమును మంటలో వేయుడని మేము చెప్పము. అదే మూలపాఠమునుండి కట్టిన వీఎస్‌కోడియం గలదు, అది నేర్పుడు. ఐడిల్ అను చిన్నపరికరము పైథానుతోనే వచ్చును, దానితో మొదలుపెట్టుడు. 2008లో వచ్చిన మూడవ పైథాను నుండి తెలుగులిపిలో పేర్లు పెట్టుకొనవచ్చును. ఎకరము, శిస్తు అని వ్రాసినను దుబాసి గ్రహించును. కళాశాలలవారు ప్రకటనపలకలకు వెచ్చించు ద్రవ్యములో పిసరంత ఈ ఫౌండేషనులకు పంపినచో వారి గోపురము కూలదు. ద్రవ్యము లేనివారు తప్పులు కనిపెట్టి తెలియజేయవచ్చును, పాఠములను తెలిగింపవచ్చును. అదియును పూడికతీతయే.

ఈ మందిరమున నాలుగు పాత కంప్యూటరులు గలవు. వచ్చు ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు పైథాను తొలిపాఠమును తెలిగించుటకు కూర్చుందుము. రాదలచినవారు కార్యదర్శిగారికి పేరివ్వుడు. మొదటి పేరు మాదే వ్రాసికొనిరి. మాకు పైథాను రాదు, తెలుగు వచ్చును.