మిలాను నగరమున ఒక విందు

మెతుకు పట్టి చూచి అన్నము గుణము నిర్ణయించెడి వారము మేము. ఇటలీలో మిలాను నగరము చేరగనే మా మనస్సు అచ్చటి కుంకుమపువ్వు అన్నముపై, అనగా రిసోత్తోపై నిలిచెను. అది వైశాఖమాసము, మా వివాహమునకు ఇరువదేండ్లు నిండిన దినము. పేరుపొందిన భోజనశాలలో బల్ల ముందుగనే కుదుర్చుకొంటిమి. మా శ్రీమతి పట్టుచీర పెట్టె అడుగున అందులకే అంతదూరము వచ్చినది.

రిసోత్తో మన అత్తెసరు వంటిది కాదు. పొట్టి బియ్యమును వెన్నలో వేయించి, మరుగుచున్న మాంసపు చారును గరిటె గరిటెగా పోయుచు, సుమారు 18 నిమిషములు పొయ్యి విడువరాదు. గింజ నడుమ పలుకు మిగులవలెను. పళ్లెము వంచిన అలవలె జారవలెను. 1981లో గ్వాల్తియెరో మార్కేసి అను పాకనిపుణుడు దానిపై బంగారు రేకు నుంచి ఖ్యాతి గాంచెను. మేము పోయినది ఆయన శాల కాదు, ఆయనను అనుకరించినది.

ఆరు నిమిషములలో పళ్లెములు వచ్చినవి. రేకు మెరయుచున్నది. వంచి చూచితిమి, ముద్ద కదలలేదు. ఉదయము వండి వెచ్చచేసిన చద్ది! చద్దియన్న మాకు చులకన లేదు, పెరుగును ఆవకాయయు తోడున్నచో. వడ్డించువాని నడుగగా, విదేశీయులకు అన్నపు రుచి తెలియుట కష్టమని మందహాసము చేసెను. మాతోనా ఆ మాట! రొట్టెకు, బల్లగుడ్డకు తలకింతయని వేసిన రుసుముతో సహా చెల్లించి లేచితిమి.

మరునాడు జెనోవా పోవు రైలునుండి పావియా ప్రాంతపు వరిమళ్లు కనబడినవి, నిండ నీటితో, మన డెల్టా వలెనే. శ్రీమతి చాలసేపు చూచి, "ఇంత పంట పండించువారు మనకు అట్టి అన్నము పెట్టిరేమండీ?" అనెను.