ఒక్క రౌండు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"బడి జ్ఞాపకాలు ఏమన్నా చెప్పు అన్నా" అని మన కార్యదర్శి అడిగాడు. జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఒక నడక గురించి చెప్తాను. చిన్న నడకే, కిలోమీటరు దాటి కొంచెం. కాకపోతే అది ఒక అగ్నిపర్వతం నోటి చుట్టూ నడిచింది.

నాకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు. పీటీ పీరియడ్‌లో అందరూ గ్రౌండు చుట్టూ రౌండ్లు కొడుతుంటే నేను వేపచెట్టు కింద కూర్చుని చెప్పులకు, వాచీలకు కాపలా ఉండేవాణ్ణి. మా పీటీ సారు నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. "నువ్వు మన స్టోర్‌కీపర్‌వి రా" అనేవారు. నేను మురిసిపోయేవాణ్ణి. ఐదేళ్ళు ఈ బడిలో చదివి, ఈ గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు కూడా కొట్టని వాడు ఎవరన్నా ఉంటే అది నేనే.

పెద్దయ్యాక ఉబ్బసం తగ్గింది. వంక మాత్రం తగ్గలేదు. ఆఫీసుకు స్కూటరు, తర్వాత కారు. ఇంటి నుంచి ఎర్రగడ్డ రైతుబజారు ఐదు నిమిషాల దూరం, దానికీ బండే. మెట్రో వచ్చాక స్టేషన్లో మెట్ల వైపు కన్నెత్తి చూడలేదు. మూడేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. డాక్టరు గారు "రోజూ నడవండి, మెల్లగా మొదలుపెట్టండి" అన్నారు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ చెప్తున్నాను. నాకు భయం వేసింది. ఇల్లు దాటి రెండు గల్లీలు పోగానే, ఇక్కడ పడిపోతే ఎవరు చూస్తారు అనిపించేది. వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఇంట్లో మాత్రం "నడిచొచ్చాను" అని చెప్పేవాణ్ణి. ఆరు నెలలు అలాగే గడిచాయి.

మా అమ్మాయి ఉద్యోగం మారిషస్‌లో. నేనూ మా ఆవిడా చూడడానికి వెళ్ళాం. రాజధాని పోర్ట్ లూయీ నుంచి దాదాపు 20 కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఎత్తు మీద క్యూర్‌పిప్ అనే ఊరు ఉంది. చల్లటి ఊరు, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. ఆ ఊళ్ళోనే ట్రూ ఓ సెర్ అనే అగ్నిపర్వత బిలం ఉంది. ఫ్రెంచిలో జింకల గుంట అని అర్థం. డచ్చివాళ్ళు 1639లో జావా నుంచి ఆ దీవికి జింకల్ని తెచ్చారు.

అగ్నిపర్వతం అంటే నాకు తెలిసింది మన సోషల్ సారు బోర్డు మీద గీసిన బొమ్మే. పైన పొగ, పక్కన ఎర్ర సుద్దముక్కతో లావా. అక్కడ చూస్తే పెద్ద పచ్చటి గిన్నె. లోపలి వాలు అంతా చెట్లు, అడుగున బురద, కాసిని నీళ్ళు. లోతు దాదాపు 80 మీటర్లు. మన హైదరాబాదు గుట్టల రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళది. మారిషస్ దీవి మొత్తం అగ్నిపర్వతాలు కక్కిన లావాతో ఏర్పడి 80 లక్షల ఏళ్ళో, కొంచెం అటూ ఇటూనో. మన రాళ్ళ ముందు అది నిన్నగాక మొన్న పుట్టిన నేల.

గిన్నె అంచు మీద చుట్టూ రోడ్డు ఉంది. "ఒక్క రౌండు నాన్నా, అంతే" అంది మా అమ్మాయి. బిలం వ్యాసం సుమారు 350 మీటర్లు. లెక్కల సారు నేర్పిన 22/7తో గుణిస్తే సరిగ్గా 1100 మీటర్లు. అంచు మీద రోడ్డు కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. చదునైన దారి, ఎక్కడానికి మెట్లు లేవు. ఆ ఊరివాళ్ళు పొద్దున్నే అక్కడ నడుస్తున్నారు, కొందరు పరిగెడుతున్నారు.

బయలుదేరాం. ఒక పక్క బిలం, ఇంకో పక్క ఊరు, దూరంగా రెంపార్ కొండ, త్రువా మామెల్ అనే మూడు శిఖరాల కొండ. సగం దూరం బాగానే నడిచాను. అక్కడ మళ్ళీ అదే భయం పట్టుకుంది. వెనక్కి పోదాం అన్నాను. మా అమ్మాయి నవ్వి, "వెనక్కి పోయినా ముందుకు పోయినా ఒకటే దూరం నాన్నా" అంది. గుండ్రటి దారిలో సగం దాటాక తిరిగిపోవడం వల్ల లాభం లేదు. ఇంత చిన్న లెక్క నాకు అరవై దాటాక తెలిసింది.

దారి పక్కన కూర్చున్నాను. ఒక పెద్దాయన ఆగి మా అమ్మాయితో వాళ్ళ క్రియోల్ భాషలో మాట్లాడాడు. మేం తెలుగువాళ్ళమని తెలియగానే నా వైపు తిరిగి చేతులు జోడించి "నమస్కారం" అన్నాడు. వాళ్ళ ముత్తాతలు విశాఖపట్నం వైపు నుంచి వచ్చారట. ఇంట్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ చేస్తారట. ఆయనకు వచ్చిన తెలుగు మాటలు కొన్నే. అందులో ఒకటి నాకు చెప్పాడు: "మెల్లగా, మెల్లగా." మిగతా సగం ఆయన నా పక్కనే నడిచాడు. ఆయన వయసు 78 అని చివర్లో తెలిసింది.

ఇంటికి వెళ్తుంటే చెరుకు తోటల మధ్య నల్ల రాళ్ళ గుట్టలు కనిపించాయి. ఆ లావా రాళ్ళను చేలలోంచి ఏరి పోగేసింది కూలీలేనని మా అమ్మాయి చెప్పింది. 1834 నుంచి 1920ల దాకా మన దేశం నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్ళారు. మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువాళ్ళకు కోరంగీలు అనే పేరు వచ్చింది. వాళ్ళు మోసిన రాళ్ళు చూశాక, తారు రోడ్డు మీద కిలోమీటరు నడిచి ఆయాసపడ్డ నా మీద నాకే నవ్వొచ్చింది. అక్కడున్న మూడు వారాల్లో పదకొండు సార్లు ఆ రౌండు కొట్టాను. చివరి నాలుగు సార్లు ఒంటరిగా.

మీలో ఎవరైనా మారిషస్ వెళ్తే తప్పకుండా ఆ చుట్టు నడవండి. పొద్దున్నే వెళ్ళండి, మబ్బు కమ్మితే కొండలు కనబడవు. గొడుగు మరిచిపోవద్దు. కిందికి దిగే సాహసం చేయకండి, వాలు జారుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు హవాయిలో డైమండ్ హెడ్ చూపిస్తామంటే అది వేరే సంగతి. అక్కడ కిలోమీటరున్నర లోపే 170 మీటర్ల ఎత్తు ఎక్కాలి, మెట్లు కూడా ఉన్నాయి. కొత్తవాళ్ళకు ట్రూ ఓ సెర్ నయం. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎక్కడికైనా డాక్టరును అడిగే బయలుదేరాలి.

ఇది చెప్పడానికి కారణం ఉంది. ఇందాక మనం మౌనం పాటించినప్పుడు చదివిన పేర్లలో మా బ్యాచ్ వాళ్ళు ఐదుగురు. అందులో ఇద్దరిది గుండెపోటు. నాకున్న భయమే వాళ్ళకూ ఉండేదేమో. అడగలేదు. మగవాళ్ళం కదా, క్రికెట్ గురించి మాట్లాడుకుంటాం, రాజకీయాలు మాట్లాడుకుంటాం, భయం గురించి మాట్లాడుకోం.

మొన్న ఈ సభ ఏర్పాట్లకు వచ్చినప్పుడు మన గ్రౌండు చుట్టూ అడుగులు లెక్కపెట్టాను. నాలుగు రౌండ్లు కొడితే ఆ అగ్నిపర్వతం చుట్టూ తిరిగినంత. అందుకే సంఘానికి నా విన్నపం: ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు బడి గేటు తీయించండి. వచ్చినవాళ్ళం నడుద్దాం. నాలుగు కాకపోతే ఒకటి. ఎవరైనా సగంలో ఆగితే పక్కన ఇంకొకరు ఆగుదాం. తర్వాత అందరికీ ఇరానీ చాయ్, ఆ ఖర్చు నాది.

మొదటి వరసలో మా పీటీ సారు కూర్చున్నారు. సార్, మీకు ఎనభై నాలుగు దాటాయి, మోకాళ్ళ నొప్పులు. వేపచెట్టు కింద కుర్చీ వేయిస్తాను. ఈసారి చెప్పులకు, వాచీలకు కాపలా మీరుండండి. మీకు నేను బాకీ ఉన్న రౌండు కొట్టి చూపిస్తాను.

సెలవు.